ఏది మనిషి, ఏది పెట్టె

ఎర్ర బల్బు వెలుగుతున్నంతసేపూ ఆమె కదలకూడదు. వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని, వాయించే బో కర్రని దాని మీద అడ్డంగా ఆనించి, తనకీ జనానికీ మధ్య వేలాడుతున్న నల్ల తెర కేసి చూస్తూ కూర్చుంది. పలచటి గుడ్డ. శబ్దానికి అడ్డురాదు, జనం చూపుకి మాత్రం అడ్డొస్తుంది. తన వైపు చీకటి, అటు వైపు వెలుతురు కాబట్టి ఆమెకి వాళ్ళ ఆకారాలు మసగ్గా కనిపిస్తూనే ఉన్నాయి. కుర్చీలు జరుపుకుంటున్నారు. ఎవరో గొంతు సవరించుకున్నారు. మేనేజరు చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు.

"ఇప్పుడు ఒకే పాట రెండుసార్లు వింటారు. ఒకసారి తెర వెనకున్న మనిషి వాయిస్తుంది, ఒకసారి మా స్పీకర్లు వాయిస్తాయి. ఏది మనిషో, ఏది పెట్టో మీరే చెప్పాలి. కళ్ళు మూసుకున్నా సరే, తెరుచుకున్నా సరే. ఎలాగూ ఏమీ కనపడదు!"

జనం నవ్వారు. ఆమెకి చెరో పక్కా మనిషెత్తున నిలబడ్డ స్పీకర్లలోంచి ఆమె వయొలినే మొదలైంది. పోయిన నెల ఈ షోరూం వెనక గదిలో కూర్చుని వాయించిన పాట. తన చేతులు ఒళ్ళో ఉండగానే తన పాట గదంతా తిరుగుతుంటే ఎడమచేతి వేళ్ళు వాటంతటవే తీగల మీద కదలబోయాయి. పిడికిలి బిగించి ఆపుకుంది.

పాట అయిపోయింది. ఎర్రది ఆరి ఆకుపచ్చ బల్బు వెలిగింది. ఆమె వయొలిన్ ఎత్తి గడ్డం కింద ఆనించుకుంది. గుండెనిండా ఊపిరి తీసుకుని బోని తీగ మీదికి దించింది. పాట నెమ్మదిగా మొదలవుతుంది, మధ్యలో ఒకచోట పైకి ఎగబాకుతుంది, అక్కడ ఆమె ఎప్పుడూ కుర్చీలోంచి కాస్త లేస్తుంది. ఈసారీ లేచింది. కుర్చీ కిర్రుమంది.

"మొదటిది మనిషి అనుకున్నవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు మేనేజరు. ఎక్కడో ఒకటీ అరా లేచాయి. "రెండోది?" అన్నాడు. ముందు వరసలో ఒక పెద్దావిడ చెయ్యి ఎత్తడమే కాదు, నోరు కూడా ఎత్తింది.

"రెండోదేనయ్యా! ఊపిరి తీసుకోవడం ఇంత బాగా వినబడుతుంటే పెట్టె ఎలా అవుతుంది?"

గది గొల్లుమంది. తెర వెనక ఆమె కూడా నవ్వుకుంది. ఎన్నాళ్ళ తర్వాతో ఎవరో తనని గుర్తుపట్టి పలకరించినట్టనిపించింది.

జనం వెళ్ళాక మేనేజరు తెర పక్కనుంచి లోపలికి వచ్చాడు. వెనకే ఆమె భర్త. అతను ఆ షోరూంలో సౌండ్ చూసేవాడు. ఏ సీలింగ్ ఫ్యాను ఎప్పుడు పాడవబోతోందో కింద నిలబడి చెప్పేస్తాడని అందరూ అతన్ని "చెవి గారు" అని పిలిచేవారు. సంగీతమంటే చెవి కోసుకునే మనిషికి ఆ పేరేమిట్రా అని అతని స్నేహితులు వెక్కిరించేవారు.

"జనం తడబడాలండీ," అన్నాడు మేనేజరు. "ఇలా అందరూ ఠక్కున చెప్పేస్తుంటే ఇంక మన స్పీకరు గొప్పేముంది? ఇంట్లో కూర్చుని కచేరీ వినొచ్చని కదా మనం అమ్ముతున్నది?"

"స్పీకర్లో లోపం లేదు సార్. రికార్డింగూ శుభ్రంగా ఉంది." అతను పెన్సిల్ చెవి మీద దోపుకుని భార్య వైపు చూశాడు. "ఈవిడ దగ్గరే కొంచెం చప్పుడెక్కువ."

ఆమె తీగల మీద పడ్డ, బోకి రుద్దే తెల్లటి రోజిన్ పొడిని గుడ్డతో తుడుస్తోంది. తుడవడం ఆపి తలెత్తింది.

"చప్పుడా?"

"కుర్చీ కిర్రుమంటోంది కదా. మడమతో నేల తడుతున్నావు, నీకు తెలీదు. పై స్వరానికి వెళ్ళినప్పుడు చీర కుచ్చెళ్ళు కుర్చీకి రాసుకుంటున్నాయి. ఇంక ఊపిరి సంగతి సరేసరి, ఆ పెద్దావిడే చెప్పింది. ఇవి కాస్త తగ్గించుకుంటే చాలు సార్, రేపటికి చూడండి."

"మీ ఇద్దరి మీదే ఉంది మరి," అంటూ మేనేజరు వెళ్ళిపోయాడు. కొత్త బ్రాంచిలో సౌండ్ విభాగం అంతా ఆమె భర్తకే అప్పజెబుతామని, ఈ ప్రదర్శనలు బాగా నడిస్తేనే అని, ఇదివరకే చెప్పి ఉన్నారు. ఆ మాట మళ్ళీ అనాల్సిన అవసరం మేనేజరుకి లేకపోయింది.

ఇంటి ముందు గదిలో సరిగ్గా మధ్యన ఒక కుర్చీ ఉంటుంది. దాని నాలుగు కాళ్ళ కిందా నేల మీద తెల్ల టేపు గుర్తులు. ఎదురుగా ఆమె భర్త చెక్కలు కోసి, తనే వైర్లు అతికి కట్టుకున్న రెండు స్పీకర్లు. ఊడ్చేటప్పుడు కుర్చీ జరిపితే మళ్ళీ టేపు గుర్తుల మీదే పెట్టాలి. అత్తగారు దాన్ని "మావాడి సింహాసనం" అంటుంది. అతను వినేటప్పుడు ఫ్రిజ్ కూడా ఆపేస్తాడు, గుర్రుమంటుందని. అత్తగారికి దగ్గు. అందుకని ఆవిడ తన మకాం వంటింట్లోకి మార్చుకుని, అక్కడే కిటికీ పక్కన ఒక బల్ల వేయించుకుంది.

ఆ సాయంత్రం అతను భార్యని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. అది మామూలు విషయం కాదు.

"విను. నీ రికార్డింగే."

పాట మొదలైంది. బాగుంది. బాగాలేదని ఎవరూ అనలేరు. గది మాయమైపోయి ఎదురుగా గాలిలో ఒక వయొలిన్ నిలబడింది. అతను ఆమె వెనకే నిలబడి, కుర్చీ వీపు మీద చేతులు వేసి, తనే వాయించినంత గర్వంగా వింటున్నాడు.

"చూశావా? మొన్న ఆడిటోరియంకి వెళ్ళాం. ఏం విన్నాం? వెనకవాడు పొట్లం విప్పుతున్న చప్పుడు, ముందావిడ ఫోను. ఆ గోలలో స్టేజి మీదావిడ ఎంత గొప్పగా వాయిస్తే మాత్రం మనదాకా ఏమొచ్చింది? ఇక్కడైతే ప్రతి స్వరం కడిగి పెట్టినట్టుంటుంది. చెప్పు, ఏది నయం?"

"నాకు ఆవిడ మొదలుపెట్టే ముందు క్షణం నచ్చిందండీ," అంది ఆమె. "బో ఎత్తి ఆగింది చూడండి. ఎలా వస్తుందో ఏమోనని హాలంతా ఊపిరి బిగబట్టింది. పొట్లంవాడు కూడా. మీ కుర్చీలో కూర్చుంటే ఎలా వస్తుందో ముందే తెలుసు."

"తెలిసుండటమే కదా హాయి!"

"ఎవరికి?"

అతను ఆ ప్రశ్న చెవిన వేసుకోలేదు. కంప్యూటర్ తెర మీద పాట గీతల్లా పరుచుకుని ఉంది. ఒకచోట వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఇక్కడ నీ ఊపిరి ఉండేది. ఇక్కడ కూడా. కూర్చుని ఒక్కొక్కటీ ఏరి తీసేశాను. ఎంత పనో తెలుసా? బియ్యంలో రాళ్ళు ఏరినట్టే."

"తీసి ఎక్కడ పెట్టారు?"

అతను నవ్వాడు. వంటింట్లోంచి అత్తగారు కూడా నవ్వింది. ఆమె మాత్రం నిజంగానే అడిగింది.

"ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే," అన్నాడతను. "ముక్కుతో కాకుండా నోరు కొంచెం తెరిచి, నెమ్మదిగా ఊపిరి తీసుకో. అదీ పాట ఆగినచోట మాత్రమే. అలవాటైపోతుంది."

"నేను ఊపిరితోనే వాయిస్తానండీ. బో దాని వెంటే వస్తుంది. అది ఆపితే..."

"నువ్వు వాయించే నాటకాలవాళ్ళు మీ వాయిద్యాలవాళ్ళందర్నీ మాన్పించి పాటల పెట్టెలు పెట్టుకున్నారు కదా. అప్పట్నుంచీ ఇంట్లోనే ఉన్నావు. ఇప్పుడు ఒకచోట నీ చేత వాయిద్యం వాయింపిస్తున్నారు, అదీ నేను నిలబడి అడిగితే. కాస్త సర్దుకోలేవా?"

అతను కటువుగా అనలేదు. బతిమాలుతున్నట్టే అన్నాడు. అందుకే ఆమె తలూపింది.

మర్నాటి నుంచి కుర్చీ కాళ్ళకి మెత్తటి గుడ్డ చుట్టారు. ఆమె చెప్పులు విడిచి, ఒంటికి అతుక్కుని ఉండే మెత్తటి పంజాబీ డ్రెస్సు వేసుకుని కూర్చుంది. టిక్కుటిక్కుమనే చేతి గడియారం తీసి భర్తకిచ్చింది. పై స్వరానికి వెళ్ళేటప్పుడు లేవకుండా నడుము కుర్చీకి ఆనించుకుంది. బోని గట్టిగా నొక్కకుండా, తీగ మీద తేలించినట్టు లాగింది. ఆ రోజు చేతులెత్తినప్పుడు కొందరు స్పీకరునే మనిషన్నారు, ఎక్కువమంది ఆమెనే.

"దారిలో పడ్డాం," అన్నాడు మేనేజరు.

ఆ తర్వాతి ప్రదర్శనకి భర్త మరో చిట్కా చెప్పాడు. "ఎర్ర బల్బు వెలిగినప్పుడు ఊరికే కూర్చోకు. స్పీకరు ఎలా వాయిస్తోందో విను. నీ వంతు వచ్చాక అచ్చం అలాగే వాయించు."

"అది నేనే కదండీ వాయించింది."

"అందుకే తేలిక కదా!"

తేలిక కాలేదు. పోయిన నెల ఆ పాట వాయించినప్పుడు ఆమెకి కొద్దిగా జలుబు. ఒక మలుపు దగ్గర చిటికెన వేలు ఒక్క లిప్త ఆలస్యంగా పడింది. ఆ సంగతి ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడా ఆలస్యం కూడా పాటలో భాగమైపోయింది. ఆ మలుపు వచ్చినప్పుడల్లా, ఎప్పుడో అక్కడ ఎలా తడబడిందో ఇవాళా సరిగ్గా అలాగే తడబడాలి. ఒకరోజు ఆ మలుపులో వేళ్ళకి కొత్త దారి ఏదో కనబడింది. అటు వెళ్ళబోయాయి కూడా. తెర పక్క సందులోంచి, సౌండ్ మిక్సర్ ముందు కూర్చున్న భర్త తల అడ్డంగా ఊపడం కనిపించింది. వెనక్కి వచ్చేసింది.

ప్రదర్శన అయ్యేసరికి పక్కటెముకలు సలిపేవి. ఈదిన మనిషి ఒడ్డుకి వచ్చినట్టు, జనం బయటికి వెళ్ళాక నోరు తెరిచి గాలి పీల్చుకునేది. స్కూటర్ వెనక కూర్చుని ఇంటికి వస్తున్నప్పుడు కూడా ఊపిరి చప్పుడు కాకుండా తీసుకుంటున్నానని గమనించి, కావాలని గట్టిగా దగ్గింది. "జలుబు చేసిందా?" అన్నాడతను కంగారుగా. "ప్రదర్శనలు అయ్యేదాకా చల్లనివేమీ తాగకు."

వారం చివరి ప్రదర్శనలో చేతులు సరిగ్గా సగానికి చీలిపోయాయి. ఇంకా చెప్పాలంటే స్పీకరునే మనిషి అన్నవాళ్ళే కొంచెం ఎక్కువ కనిపించారు. మొదటి రోజు వచ్చిన పెద్దావిడ మనవరాల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. ధీమాగా చెయ్యెత్తి, మొదటిదే మనిషి అని తేల్చి చెప్పింది. "నే చెప్పలా? నాకు ఇట్టే తెలిసిపోతుంది," అంటోంది మనవరాలితో. మొదట మోగినవి స్పీకర్లు.

మేనేజరు లోపలికి పరిగెత్తుకొచ్చి భర్త చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అతను ఆమె దగ్గరికి వచ్చాడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"నిజం చెబుతున్నా. చివర్లో కళ్ళు మూసుకున్నాను. ఆ బటన్లు నొక్కింది నేనే, అయినా ఏది నువ్వో నాకే తెలియలేదు."

ఇంతకంటే గొప్ప మాట ఏ భర్తా ఏ భార్యకీ చెప్పి ఉండడన్నట్టు నిలబడ్డాడు. ఆమె వయొలిన్‌ని పెట్టెలో పెట్టి, దాని మీద గుడ్డ కప్పింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి "సరే" అంది.

మర్నాడు షోరూంకి సెలవు. అయినా అతను వైర్లు సరిచూసుకోవడానికి పొద్దున్నే వెళ్ళాడు. ఆ మర్నాడు పెద్ద ప్రదర్శన. కంపెనీ పెద్దలు, ఊరూరి నుంచి డీలర్లు వస్తున్నారు.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆమె మధ్య గదిలో తలుపు దగ్గరగా వేసుకుని వయొలిన్ తీసింది. బిరడాలు తిప్పి శ్రుతి చేసుకుంది. ఆ షోరూం పాట కాదు, చిన్నప్పుడు నేర్చుకున్న ఒక పాట మొదలుపెట్టింది. ఎవరూ తల ఊపేవాళ్ళు లేరు, బల్బులు లేవు. చాలాసేపు వాయించింది. ఒళ్ళు కాస్త తేలికపడినట్టే ఉంది.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్! ఆ పెట్టె కట్టెయ్యవే తల్లీ. వాడుంటే ఎలాగూ తప్పదు, వాడు లేనప్పుడైనా హాయిగా నువ్వు వాయించుకోవచ్చు కదా. నేనూ విని ఎన్నాళ్ళైందో."

బో తీగ మీదే ఆగిపోయింది. ఆమె అలాగే, వయొలిన్ గడ్డం కిందే పెట్టుకుని, వంటింటి గుమ్మం దాకా నడిచింది. అత్తగారు ఒళ్ళో చేట పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తి కోడల్ని చూసింది. ఆమె చేతిలో బోని చూసింది. వేళ్ళ మధ్య ఉన్న బఠాణీ కాయ నొక్కుకుపోయి గింజలు నేల మీద దొర్లాయి.

"నువ్వేనా?" అంది. "ఈ చెవులు ఒకటి, వెధవ చెవులు. ముసలితనం."

"మీ చెవులకేం కాలేదు అత్తయ్యా."

"లేదే, వినపడ్డంలా ఈమధ్య. నిన్న పాలవాడు పిలిచినా..." ఆవిడ గింజల కోసం వంగింది. ఆమె కూడా కూర్చుని ఏరింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మళ్ళీ గదిలోకి వెళ్ళి మొదటి నుంచీ ఎత్తుకుంది. ఈసారి కావాలని ఊపిరి తీసుకుంది. అది దొంగ ఊపిరిలా ఉంది, నాటకంలో ఏడుపులా. పాట ఒకవైపు పోతుంటే ఊపిరి మరొకవైపు పోతోంది. రెండూ ఎక్కడ కలిసేవో గుర్తు తెచ్చుకోబోయింది. అది గుర్తుండే విషయం కాదని అప్పుడు తెలిసింది. ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదు కాబట్టే ఇన్నాళ్ళూ దానంతటదే జరిగింది.

సాయంత్రం అతను రాగానే చెప్పింది.

"ఇవాళ అత్తయ్య నా వాయిద్యం విని పెట్టె కట్టెయ్యమన్నారు."

అతను చొక్కా గుండీలు విప్పుతున్నవాడల్లా ఆగాడు. మొహం వెలిగిపోయింది. "అమ్మకి కూడా తెలియలేదా! అమ్మకే!"

ఆమె ఆ వెలుగు మెల్లగా తగ్గడం చూస్తూ నిలబడింది. అతను చెడ్డవాడైతే ఎంత బాగుండునో అనిపించింది.

"రేపు నేను నాలాగే వాయిస్తానండీ."

"రేపొక్కరోజు..."

"రేపే. ఊపిరి వినబడుతుంది, కుర్చీ కిర్రుమంటుంది. ఎవరేమనుకున్నా సరే. నాకు భయంగా ఉంది. ఇంకో నాలుగు రోజులు పోతే తిరిగి రాలేనేమో అని ఉంది."

అతను మంచం అంచున కూర్చున్నాడు. "అలిసిపోయావు," అన్నాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి మెల్లగా తట్టాడు. తర్వాత ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, ఎవరితోనో తగ్గు గొంతుతో మాట్లాడాడు.

మర్నాడు షోరూం కళకళలాడిపోతోంది. అదనంగా కుర్చీలు తెప్పించారు. ఆమె తెర వెనక్కి వెళ్ళి రోజిన్ ముక్క తీసి బోకి రుద్దుతుంటే మేనేజరు వచ్చాడు.

"ఇవాళ ఆ శ్రమంతా ఎందుకు మేడమ్? మీరు వాయించనక్కర్లేదు."

"అదేమిటి?"

"రెండుసార్లూ స్పీకర్లే వాయిస్తాయి. మీరు హాయిగా కూర్చోండి చాలు. చివర్లో తెర తీస్తాం. మీరు వయొలిన్ పట్టుకుని లేచి ఒక్క నమస్కారం పెడితే అయిపోతుంది. అంత పెద్దవాళ్ళ ముందు తేడా వస్తే బాగోదు కదా. మీకు ఒంట్లో బాగోలేదని చెవి గారే ఫోన్ చేసి చెప్పారు. ఈ ఏర్పాటూ ఆయనదే. అదృష్టవంతులు, అలా చూసుకునే భర్త ఎంతమందికి ఉంటాడు!"

ఆమె తెర పక్క సందులోంచి మిక్సర్ వైపు చూసింది. అతను అప్పటికే ఆమెనే చూస్తున్నాడు. చూపు కలవగానే, ఏం పర్వాలేదు, నేనున్నాను కదా అన్నట్టు చెయ్యెత్తి చూపించాడు.

జనం నిండారు. మేనేజరు ఎప్పటి మాటలే ఇంకాస్త తియ్యగా చెప్పాడు. ఎర్ర బల్బు వెలిగింది. పాట మొదలైంది. ఆమె ఒళ్ళో వయొలిన్‌తో కూర్చుంది. అలవాటుగా విన్నది. జలుబు చేసిన రోజు, చిటికెన వేలు, మలుపు, అన్నీ వచ్చి వెళ్ళాయి. పాట అయిపోయింది. జనం కుర్చీల్లో సర్దుకున్నారు.

ఆకుపచ్చ బల్బు వెలిగింది.

వెలగాల్సిన అవసరం లేదు. అలవాటు కొద్దీ అతని వేలు నొక్కేసినట్టుంది. ఆమె చేతులు కూడా అలవాటు కొద్దీ లేచాయి. వయొలిన్ గడ్డం కిందికి వచ్చింది, బో పైకి లేచింది. ఆమె బో తీగని తాకకముందే పాట మొదలైపోయింది.

ఆమె బోని గాలిలోనే ఉంచి కాసేపు విన్నది. చక్కగా వాయిస్తోంది. ఎక్కడా ఆగడం లేదు, ఎవరి కోసమూ చూడడం లేదు. ఆమె బో దించింది. దానికి కట్టిన వెంట్రుకల బిగువు వదులు చేసింది. వయొలిన్‌ని పెట్టెలో పడుకోబెట్టి, గుడ్డ కప్పి, మూత వేసి, కొక్కేలు ఒకటొకటిగా నొక్కింది. చెప్పులు వేసుకుంది. గడియారం భర్త దగ్గరే ఉండిపోయింది, ఉండనీ అనుకుంది. తెర అంచు పక్కకి తొలగించుకుని వెలుతుర్లోకి నడిచింది.

బయటికి పోయే గుమ్మం గది చివర ఉంది. కుర్చీల మధ్య దారి ఇరుకు. ఆమె పెట్టెని ముందుకు పట్టుకుని పక్కవాటుగా నడిచింది. చాలామంది కళ్ళు మూసుకుని ఉన్నారు. కొందరు తెరిచి చూశారు, ఆమె చేతిలో పెట్టె ఏమిటో అర్థం కాలేదు. దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చున్న ఒకాయన విసుగ్గా ముడుచుకున్నాడు. ఆమె చెప్పుల చప్పుడుకి మొహం చిట్లించి, పెదాల మీద వేలు పెట్టి చూపించాడు. వాయిస్తున్నారు, వినపడ్డంలా అన్నట్టు.

"క్షమించండి," అంది ఆమె, నిజంగానే చిన్నగా.

గుమ్మం దగ్గర మేనేజరు అడ్డొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేడమ్, మేడమ్, ఒక్క రెండు నిమిషాలు. తెర తీసేస్తారిప్పుడు. లోపల ఎవరూ లేకపోతే నా పరువేంగాను?"

"ఎవరూ లేకపోవడమేమిటండీ?" అంది ఆమె. "వినండి. వాయిస్తూనే ఉన్నాను కదా."

ఆయన ఒక్క క్షణం నిజంగానే చెవి ఒగ్గి విన్నాడు. ఆ క్షణంలోనే ఆమె తలుపు తోసుకుని బయటికి వచ్చేసింది. వెనక పాట పైకి ఎగబాకే చోటికి చేరుకుంటోంది. తలుపు మూసుకుంది. వీధిలో బస్సు ఒకటి గట్టిగా బ్రేకు వేసింది.

అతను ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. స్కూటర్ ఆగిన చప్పుడు విని ఆమె వంటింట్లోంచి కదలలేదు. అత్తగారికి జరిగిందంతా అప్పటికే చెప్పేసింది. ఆవిడ కొడుకుని చూడగానే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. అతను గడియారం జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఉద్యోగం పోయిందా?" అడిగింది ఆమె.

"లేదు."

"మరి?"

అతను కూర్చున్నాడు. లేచి మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ కూర్చున్నాడు. "నువ్వు వెళ్ళాక పాట ఇంకా నడుస్తూనే ఉంది. ముందు ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత నీ చేతిలో పెట్టె చూసినవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. తెర తీశారు. ఖాళీ కుర్చీ. ఒక్క నిమిషం గప్‌చిప్. అప్పుడు చప్పట్లు కొట్టారు చూడూ! లేచి నిలబడి కొట్టారు. మనిషి మన కళ్ళ ముందే నడిచి వెళ్ళిపోయినా తెలుసుకోలేకపోయాం అని. ఇదంతా కావాలని పెట్టిందనుకున్నారు. ఇంత గొప్ప ఆలోచన ఎవరిదని కంపెనీ ఆయన అడిగితే..."

"ఎవరిదన్నారు?"

"మేనేజరు తనదేనన్నాడు." అతను చేతులు చూసుకున్నాడు. "ఇక నుంచి ప్రతి ప్రదర్శనకీ అలాగే చెయ్యమంటున్నారు. నువ్వు వాయించక్కర్లేదు. తెర వెనక నుంచి లేచి, అలా జనం మధ్యలోంచి నడిచి వెళ్ళిపోవాలి. అంతే. కొత్త ఊళ్ళకి కూడా తీసుకెళ్తారట, ఇద్దర్నీ."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే ఆగదేమోనని పెదవి కొరికి పట్టుకుంది. బయటికి పోవడానికి ఉన్న ఒక్క దారిని కూడా వాళ్ళు తెర లోపలికి తెచ్చేసుకున్నారు.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. నేను మీ పక్కనుంచే వెళ్ళాను. చూశారు కదా?"

"చూశాను."

"బటన్ మీ చేతి కిందే ఉంది. ఆపుదామని అనిపించలేదా?"

అతను ఆశ్చర్యంగా తలెత్తాడు. నిజంగా ఆ ఆలోచనే అతనికి రాలేదని మొహమే చెప్పింది.

"మధ్యలో ఎలా ఆపను?" అన్నాడు. "ఎంత బాగా వాయిస్తున్నావో."

ఆమెకి కోపం రాలేదు. అతని చొక్కా కాలరు మీద దారప్పోగు ఒకటి వేలాడుతోంది. రోజూ అయితే తీసేసేది.

"నేను రానండీ," అంది.

"రేపటికి..."

"రేపటికీ, ఎల్లుండికీ. అన్నం పెట్టమంటారా?"

అతను పెట్టమన్నట్టు తలూపాడు.

ఆ తర్వాతి రోజుల్లో అతను ఒక్కడే స్కూటర్ మీద వెళ్ళి వస్తున్నాడు. ఇద్దరూ మాట్లాడుకునేవారు, సరుకుల గురించి, అత్తగారి మందుల గురించి. ముందు గదిలో కుర్చీ టేపు గుర్తుల మీదే ఉంది. అందులో అతను సాయంత్రాలు కూర్చుంటున్నాడు కానీ ఆమె రికార్డింగు మాత్రం పెట్టడం లేదు. ఆమె రెండు వీధుల అవతల ఉన్న చిన్న డాన్సు బడిలో పిల్లలకి వయొలిన్ వాయించే పని చూసుకుంది. మొదటి రోజు పిల్లల గజ్జెల హోరులో తన పాట తనకే వినబడలేదు. ఇంటికి వచ్చాక రోజూ మధ్య గదిలో సాధన చేస్తోంది. కొన్ని రోజులు కుదురుతోంది, కొన్ని రోజులు గోడతో మాట్లాడినట్టే ఉంటోంది. అత్తగారు తన బల్లని వంటింటి కిటికీ దగ్గర్నుంచి మధ్య గది గుమ్మం పక్కకి మార్పించుకుంది.

ఒక సాయంత్రం ఆమె వయొలిన్‌కి కొత్త తీగ బిగిస్తుంటే అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ బదులు ఒకమ్మాయిని పెట్టారు. ఇవాళే మొదలుపెట్టింది."

"వయొలిన్ వస్తుందా ఆ అమ్మాయికి?"

"రాదు. రావక్కర్లేదు కదా. పాట నీదే. ఆ అమ్మాయి ఉత్తినే నడుస్తుంది. పెట్టె కూడా ఖాళీదే ఇచ్చారు."

ఆమె తీగ కొసని బిరడా రంధ్రంలోకి దూర్చి, ఒక చుట్టు తిప్పింది. వేలితో మీటి చూసింది. ఇంకా చాలా కిందే ఉంది. మరో చుట్టు తిప్పింది.

"ఖాళీ పెట్టె పట్టుకుని నడుస్తుంటే అది ఊగుతుందండీ," అంది, తలెత్తకుండానే. "లోపల కాస్త బరువేదైనా పెట్టమనండి. లేకపోతే జనం కనిపెట్టేస్తారు."